గబ్బిలము: నామవిచారము, తోటవిచారము

నూజివీడు సీమ మామిడికి పెట్టినది పేరు. పూర్వము కృష్ణా జిల్లాలో నుండి 2022 ఏప్రిల్ నెలలో ఏలూరు జిల్లాలో చేరిన ఈ ప్రాంతమున ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మొదలగు గ్రామముల చుట్టును మామిడితోటలు వరుసగా సాగిపోవును. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, కలెక్టరు అను జాతులు ఇచ్చట విరివిగా పండును. పుష్య మాఘ మాసములలో పూత. చైత్రము మొదలు జ్యేష్ఠము వఱకు కోత. ఈ మూడు నెలల ఫలసాయము మీదనే రైతు అప్పు తీఱుటయు, గుత్తదారుని పెట్టుబడి చేతికి వచ్చుటయు, కూలివాని భత్యము, నున్న మార్కెట్టులోని వర్తకుని బేరము ఆధారపడి యుండును.

కాయ ముదిరి పండుబాఱు ఈ కాలముననే, ప్రొద్దు గ్రుంకిన వెంటనే, మఱ్ఱి, చింత, మద్ది వంటి మహావృక్షములనుండి పెద్ద గబ్బిలములు గుంపులుగా వెడలి తోటలమీదికి వచ్చును. తోటకాపరులు డబ్బాలు మ్రోగింతురు, టపాకాయలు కాల్తురు, దివిటీలు త్రిప్పుదురు. తెల్లవాఱునప్పటికి చెట్ల క్రింద కొఱికిన పండ్లు, ఊసివేసిన పీచు ముద్దలు, టెంకలు కనబడును. వానిని చూచిన రైతునకు కలుగు కోపము సహజమే.

ఈ జంతువుతో ఎట్లు వర్తింపవలెను అనునది తోటవారి ప్రశ్న. పదచరిత్ర పరిశీలించువారికి దీనితో ముడిపడిన మఱియొక ప్రశ్న కలదు. గబ్బిలమునుగూర్చి లోకమున స్థిరపడిన అభిప్రాయము దాని నడవడిని కనిపెట్టుటచే కలిగినదా? లేక దాని రూపమును, వాసనను, పేరును మాత్రమే చూచి కలిగినదా? రెండవదే నిజమైనచో, తోటలో జరుగవలసిన విచారణ జరుగకమున్నే తీర్పు వెలువడినదని చెప్పవలసి యుండును.

ముందుగా నామముల విషయము. అమరసింహుడు సింహాదివర్గమున గబ్బిలమునకు జతుకా, అజినపత్రా అను పేర్లను చెప్పెను. ఇందు రెండవది విస్పష్టము. అజినము తోలు, పత్రము రెక్క. ఎగురుటకు సాధనమైనది గావున పత్ ధాతువునకు కరణార్థమున ష్ట్రన్ ప్రత్యయము వచ్చి పత్రశబ్దము సిద్ధించినది. తోలే రెక్కగా గలది అజినపత్ర. ఈ బహువ్రీహిలో నింద లేదు, స్తుతి లేదు. ప్రత్యక్షమున కనబడు లక్షణము మాత్రమే యున్నది. ఈక లేని రెక్కను కనిపెట్టి పేరు పెట్టినవాడు జంతువును దగ్గఱగా చూచినవాడని ఒప్పుకొనవలెను.

జతుకాశబ్దము అంత సులభము కాదు. జతు వనగా లక్క. లక్క కొమ్మకు అంటియుండునట్లు ఈ ప్రాణి కొమ్మను పట్టుకొని వ్రేలాడును గనుక సాదృశ్యార్థమున కన్ ప్రత్యయము వచ్చినదని చెప్పుట ఇంపుగానే యుండును. విడువక పట్టుకొన్నవానిని గబ్బిలమువలె వ్రేలాడుచున్నాడని తెలుగువారు చెప్పుటయు దీనికి తోడ్పడునట్లు తోచును. కాని వేదములందే జతూ అను ఊకారాంత స్త్రీలింగశబ్దము ఈ జంతువునకే వాడబడినది. అథర్వవేదమున అది కలదు. యజుర్వేదమున అశ్వమేధమునకు చెప్పిన ప్రాణుల పట్టికలో కలదు. ఆ జతూశబ్దమునకు స్వార్థమున క ప్రత్యయము చేర్చినచో, దానికి పూర్వమందలి దీర్ఘమునకు హ్రస్వము విధింపబడి యుండుటచే, జతుకా యను రూపము నిరాక్షేపముగా సిద్ధించును. కావున ప్రాచీనమైన పేరు ఒకటి యుండగా, దాని మూలము మఱుగుపడిన తరువాత, చెవికి దగ్గఱగా నున్న లక్కతో దానిని ముడివేయుట జరిగినదని తలచుటయే యుక్తము. పేరునకు మూలము తెలియనప్పుడు లోకము తనకు తోచిన మూలమును కల్పించుకొనును. ఈ సంగతి తెలుగుపదము విషయమున మఱింత స్పష్టమగును.

తెలుగున గబ్బిలము అనగానే గబ్బు జ్ఞప్తికి వచ్చును. గబ్బిలములు నివసించు గుహలలోను, పాడుపడిన మండపములలోను ఘాటైన వాసన యుండుట వాస్తవమే. గోలకొండ కోటలోని చీకటి గదులలోనికి పోయినవారు దానిని మఱవరు. అయినను వాసన నిజమైనంతమాత్రమున వ్యుత్పత్తి నిజము కాజాలదు. ఫేనిలము, పిచ్ఛిలము మొదలగు శబ్దములలోని ఇలచ్ ప్రత్యయము ఇందు కలదందమా, ఆ ప్రత్యయము సంస్కృతప్రాతిపదికలకు వచ్చునదే కాని దేశ్యమైన గబ్బుశబ్దమునకు చెల్లదు. తెలుగున గుణము గలదని చెప్పుటకు ఇలము అను ప్రత్యయము వాడుకలో లేదు. కావున గబ్బు గలది గబ్బిలము అనుట ధ్వనిసామ్యము చేత మనస్సునకు తోచుమాటయే కాని వ్యాకరణము చేత నిలుచుమాట కాదు. ఐనను వినువానికి ప్రతిసారియు దుర్గంధమునే స్ఫురింపజేయు పేరు గల ప్రాణి, లోకుల ఆదరము పొందుట కష్టము.

పేరు తరువాత వర్గము. అమరకోశమున గబ్బిలపు పేర్లు బెగ్గురు పక్షుల ఆడుదాని పేరు ముగిసిన పిమ్మట, ఈగల పేర్లు ప్రారంభమగుటకు ముందు ఉన్నవి. పక్షులకు చివర, కీటకములకు మొదట, అనగా ఏ పంక్తిలోను కుదురుకొనని చోట. పాశ్చాత్యులకును ఇదే చిక్కు కలిగినది. స్వీడను దేశీయుడైన లినేయసు 1758లో ప్రకటించిన తన ప్రకృతివ్యవస్థా గ్రంథమున గబ్బిలములను మనుష్యులు, కోతులు చేరిన వర్గముననే చేర్చెను. 1779లో జర్మను పండితుడు బ్లూమెన్‌బాఖు వానికి వేఱు వర్గమును ఏర్పఱచి, చేతినే రెక్కగా గలవి అను అర్థమిచ్చు గ్రీకు సమాసమును పేరుగా నుంచెను. అజినపత్ర యన్నవాడు రెక్క యొక్క తోలును చూచెను. బ్లూమెన్‌బాఖు ఆ తోలులోని యెముకలను చూచెను. మనుష్యుని చేతి వ్రేళ్లవంటి వ్రేళ్లే పొడవుగా సాగి ఆ తోలునకు కమ్ములైనవి. పిల్లను కని పాలిచ్చి పెంచు జంతువులలో నిజముగా ఎగురగలిగినది ఇది యొక్కటియే. నేడు లోకమున 1,400కు పైగా గబ్బిలజాతులు ఎఱుకపడినవి.

ఇక దొంగతనపు నింద. ఇదియు క్రొత్తది కాదు. మనుస్మృతి పండ్రెండవ అధ్యాయమున, ఏ వస్తువును హరించినవాడు ఏ జన్మమెత్తునో చెప్పుచు, బెల్లమును దొంగిలించినవాడు వాగ్గుదమగునని చెప్పబడినది. బ్యూలరు 1886లో వెలువడిన తన ఆంగ్లానువాదమున ఈ వాగ్గుదమును పండ్లు తిను పెద్ద గబ్బిలముగా గ్రహించెను. ఆ గ్రహణము సరియైనచో, తీపికి ఆసపడు జంతువని దానిని పూర్వులు గుర్తించిరని తేలును. కాని అచ్చట దొంగ మనుష్యుడు. గబ్బిలము వాని శిక్షకు రూపము మాత్రమే. శిక్షారూపమైన ప్రాణియే క్రమముగా నేరము చేసినదానివలె చూడబడుట లోకమున తఱచు జరుగునదే. ఇంట గబ్బిలము దూరుట అశుభమను నమ్మకమును ఈ కోవకు చెందినదే.

ఈ చూపును తెలుగు సాహిత్యమున ఒక కవి త్రిప్పివైచెను. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ 1941లో గబ్బిలము అను కావ్యమును ప్రకటించెను. కాళిదాసుని యక్షుడు మేఘమును దూతగా పంపగా, జాషువ కావ్యమందలి అస్పృశ్యుడు గబ్బిలమును కైలాసమునకు దూతగా పంపును. ఆ యెన్నిక యాదృచ్ఛికము కాదు. దేవాలయద్వారము ఆ మనుష్యునకు మూయబడియున్నది. గబ్బిలము గర్భాలయమున శివుని చెవికి దగ్గఱగా వ్రేలాడగలదు. మనుష్యునకు లేని ప్రవేశము పిట్టకు కలిగియుండుట ఆ వ్యవస్థలోని అన్యాయమును వేఱు వాదము లేకయే బయటపెట్టినది. లోకము అశుభమన్నదానినే సందేశహరముగా గౌరవించుట చేత, పేరును చూచి తీర్పు చెప్పు అలవాటు మనుష్యుని విషయమునను పక్షిమృగాదుల విషయమునను ఒక్కటియే యని కవి చూపెను.

కావ్యము మార్చిన చూపును శాసనము వెంటనే అంగీకరింపలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున అయిదవ పట్టిక హానికర జంతువులది. కాకులు, ఎలుకలు, చుంచులతో పాటు పండ్ల గబ్బిలములు అందు చేర్చబడినవి. ఆ పట్టికలోని జంతువును చంపుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. మాంసము కొఱకును, కీళ్లనొప్పులకు మందని నమ్మబడు క్రొవ్వు కొఱకును వీనిని వేటాడువారికి అడ్డు లేకపోయెను. 2022 నాటి సవరణచట్టము ఆ పట్టికనే తొలగించినది. అది 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఏబది సంవత్సరములు చట్టమున నిలిచిన నింద ఇట్లు తొలగినను, తోటలోని కోపము చట్టముతో తొలగునది కాదు. అది తొలగవలెనన్న జమాఖర్చులు విప్పి చూడవలెను.

ఖర్చు మొదట చూతము. నూజివీడు తోటలకు వచ్చునది ముఖ్యముగా పెద్ద గబ్బిలము. రెక్కలు చాచినచో నాలుగడుగులకు మించును. బరువు కిలోగ్రామున్నర వఱకు నుండును. గబ్బిలమునకు కన్నులు కానరావను మాట దీనికి చెల్లదు. పురుగులను తిను చిన్న గబ్బిలములు నోటినుండి మనుష్యుని చెవికి అందని సూక్ష్మధ్వనిని వెలువరించి, అది తగిలి మరలివచ్చు ప్రతిధ్వనిచే దారి తెలిసికొనును. 1793 ప్రాంతమున ఇటలీ దేశపు స్పల్లంజాని కన్నులు కప్పిన గబ్బిలము తప్పక ఎగురుననియు, చెవులు మూసినది తడబడుననియు కనుగొనెను. 1938లో అమెరికాలో గ్రిఫిను, పియర్సు అనువారు యంత్రముతో ఆ ధ్వనిని పట్టిరి. పెద్ద గబ్బిలమునకు ఈ విద్య లేదు. అది పెద్ద కన్నులతోను, వాసనతోను పండును వెదకును. వాసన వచ్చునది పండినదే గనుక అది పండినదానినే ముఖ్యముగా కోరును.

దాని భోజనపద్ధతియు గమనింపదగినది. పండును కొఱికి, నమలి, నాలుకతో అంగిటికి నొక్కి, రసమును మ్రింగి, పీచును ముద్దగా ఊసివేయును. రసపు మామిడిని పిసికి రసము పీల్చి, పీచును టెంకను పాఱవేయు మనుష్యుని పద్ధతికి దీనికి భేదము స్వల్పమే.

దూరపు మార్కెట్టునకు పోవు మామిడి చెట్టున పండదు. కాయ ముదిరి పక్వమునకు వచ్చినప్పుడే చిక్కముతో కోసి, వరిగడ్డిలోనో గదులలోనో మాగవేయుదురు. కావున సకాలమున కోసిన తోటలో గబ్బిలమునకు మిగులునవి కోతకు తప్పినవి, ముందుగా పండినవి, పురుగు తగిలి త్వరగా పండుబాఱినవి. కోత ఆలస్యమైన చెట్లకును, ఊరి చివర ఒంటరిగా నుండు చిన్న తోటలకును నష్టము హెచ్చు. పండు కొఱకు వ్రాలిన గుంపు ముదురు కాయలను రాల్చుటయు కలదు. ఈ నష్టమును లేదని చెప్పుట రైతునకు అన్యాయము. గుత్తకు తీసికొన్న తోటలో రాలిన ప్రతి బుట్టయు ఒక కుటుంబపు వ్యయమును తాకును.

నష్టము కలదు గనుక చంపుటయే మార్గమా? ఈ ప్రశ్నకు మారిషస్ ద్వీపమున సమాధానము దొరకినది. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కిపోయి, అచ్చట కోరంగీలని పిలువబడిన తెలుగువారి సంతతి నివసించు ద్వీపమది. అచ్చటను మామిడి, లిచీ తోటలు కలవు; ఆ ప్రాంతపు ద్వీపములలో తప్ప లోకమున మఱెక్కడను లేని పండ్ల గబ్బిలజాతి యొకటి కలదు. తోటవారి మొఱ విని ప్రభుత్వము 2015, 2016 సంవత్సరములలో 30,000కు పైగా గబ్బిలములను చంపించినది. ఫలసాయము పెరిగినట్లు కనబడలేదు. 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఆ జాతిని అంతరించు అపాయము గలవాని పట్టికలో చేర్చినది. పెద్ద గబ్బిలము సంవత్సరమునకు ఒక్క పిల్లను మాత్రమే కనును. చూలు సుమారు అయిదు నెలలు. ఎలుకవలె త్వరగా పెరుగు జంతువు కాదు. ఎలుకలతో ఒకే పట్టికలో దానిని చేర్చుటలోని పొరపాటు ఇందుచేతనే తెలియుచున్నది.

ఇక జమ. మామిడి పూతకు ఫలదీకరణము చేయునవి ఈగలు, తేనెటీగలు మొదలగు కీటకములు. ఆ పుణ్యమును గబ్బిలమునకు అంటగట్టనక్కఱలేదు. కాని రాత్రివేళ విచ్చు ఇప్పపూవునకును, బూరుగు జాతి చెట్ల పూలకును పండ్ల గబ్బిలములు పుప్పొడి మోయును. మఱ్ఱి, రావి, మేడి, జువ్వి, నేరేడు, ఇప్ప మొదలగువాని పండ్లను తిని, గింజలను చిన్నవైనచో రెట్టతోను, పెద్దవైనచో నోటినుండియు దూరప్రదేశములందు విడుచును. ఒక్క రాత్రిలో అది పదుల కిలోమీటర్లు తిరుగును. మోడుపడిన గుట్టమీదను, పాడుగోడమీదను ఎవరును నాటని రావిమొక్క మొలచినదన్న దానికి కారణభూతములైన జీవులలో గబ్బిలము ఒకటి. తోట చుట్టును నీడనిచ్చు, గాలి నాపు అడవిచెట్లు ఇట్లు పుట్టినవే.

పురుగులను తిను చిన్న గబ్బిలముల సేవ వేఱు. అవి మామిడిపండును ముట్టవు. రాత్రి యెగురు పురుగులను తినును. వాని విలువ వానిని పోగొట్టుకొన్న దేశమున తెలిసినది. ఉత్తర అమెరికాలో 2006 మొదలు తెల్లముక్కు తెగులను వ్యాధి లక్షలాది గబ్బిలములను చంపినది. గబ్బిలములు నశించిన జిల్లాలలో రైతులు పురుగుమందుల వాడకమును సుమారు 31 శాతము పెంచిరని ఫ్రాంకు అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 2024లో నిరూపించెను. ఊరక జరుగుచున్న పని ఆగినప్పుడు దానికి వెల కట్టవలసివచ్చినది.

జమాఖర్చులకు చేరని మఱియొక సంగతి వ్యాధిభయము. దీనిని దాచుట తగదు. 1998, 1999 సంవత్సరములలో మలేషియాలో బయటపడిన నిపా విషక్రిమికి పెద్ద గబ్బిలము ఆశ్రయము. 2018 మే నెలలో కేరళమున కోజికోడు ప్రాంతమున ఆ వ్యాధి సోకి 17 మంది మరణించిరి. బంగ్లాదేశమున ఈతచెట్టు తీపిరసమును రాత్రి గబ్బిలములు నాకుటచేతను, అందు మూత్రము పడుటచేతను వ్యాధి మనుష్యులకు సోకినట్లు తేలినది. గీతగీసిన చోటును, కుండను వెదురు తడికతో కప్పినచో గబ్బిలము రసమును అందుకొనజాలదని అచ్చటివారు కనుగొనిరి. ఆంధ్రదేశమున తాటికల్లు, ఈతకల్లు గీయువారు నేర్చుకొనదగిన జాగ్రత్త యిది. గబ్బిలము కొఱికిన పండును, క్రిందపడి గాటు కనబడు పండును తినరాదు, పశువులకు పెట్టరాదు. రాలిన పండ్లను ఏఱి పూడ్చవలెను. పండును కడిగి తొక్క తీసి తినవలెను. నేలబడిన గబ్బిలమును వట్టిచేతులతో తాకరాదు. దాని మాంసమునకు, క్రొవ్వునకు ఆసపడి వేటాడుట అన్నిటికంటె అపాయము. గూడుచెట్టును నఱకి గుంపును చెదరగొట్టినచో అవి ఊరిలోని వేఱు చెట్లకు చేరునే కాని మాయము కావు. కావున భయము కూడ దూరము పాటింపుమని చెప్పుచున్నది; చంపుమని చెప్పుట లేదు.

తోటలో చేయదగిన పనులును ఈ తీరుననే యున్నవి. పక్వమునకు వచ్చిన కాయను చెట్టున ఉంచక కోయుట మొదటిది. పండుఈగ నుండి కాయను కాపాడుటకు తొడుగు కాగితపు సంచులు కొంతవఱకు ఇచ్చటను ఉపకరించును. చిన్న చెట్లకు వలను బిగువుగా, కొమ్మలకు ఎడముగా కట్టవలెను; వదులుగా వ్రేలాడు సన్నదారపు వలలో చిక్కుకొని గబ్బిలములేకాక గుడ్లగూబలును, పాములును చచ్చును. గట్లమీద మేడి, జువ్వి, నేరేడు చెట్లను ఉండనిచ్చినచో గబ్బిలమునకు వేఱు ఆహారము దొరకును. రోళ్లు పగులు ఎండలలో నీడ చాలక, నీరు దొరకక పెద్ద గబ్బిలములు గుంపులుగా చచ్చును. చెఱువుగట్టున ఒక పెద్ద మఱ్ఱి నిలుచుట వానికి ప్రాణరక్ష.

శబ్దవిచారమునకు తోటవిచారమునకు గల సంబంధము ఇప్పుడు తేటపడును. వైదికమైన జతూశబ్దపు మూలము మఱచి లక్కను కల్పించినట్లే, గబ్బిలశబ్దపు మూలము తెలియక గబ్బును కల్పించిరి. నడవడి తెలియక దొంగతనమును, అశుభమును దానికి అంటగట్టిరి. ఇకముందు తెలుగు నిఘంటువును కూర్చువారు గబ్బిలమునకు ఒక విధమగు పిట్ట అని చెప్పి విడువక, తోలురెక్కలు గల స్తన్యపాయి, పండ్లు తినునది, పురుగులు తినునది అని రెండు విధములు, అడవిచెట్ల విత్తనములను చల్లునది అని వ్రాయుదురుగాక. నూజివీడు రైతు ఆ నిఘంటువును చూడకపోవచ్చును. కాని అతని బిడ్డ బడిలో దానిని చదువును. ఆ బిడ్డయే రేపు గుత్తపత్రము వ్రాయునప్పుడు గట్టుమీది మఱ్ఱిని కొట్టవలెనా, ఉంచవలెనా అని నిర్ణయించువాడు.